సానబండి

లక్షా ఎనభై వేలు.
పైసలు కావు ఇంకా,
వకీలు నిరంజన్ సారు
కరెంటు బిల్లు వెనకాల రాసిచ్చిన అంకె.
అంగి జేబుల పెట్టుకొని తిరిగిన, నాలుగు దినాలు.
చెమటకు సున్నలు అలుక్కపోయినయి.

రెండో శనివారం నల్లగొండల లోక్ అదాలత్.
ఒప్పుకుంటే ఆ పూటకే తేలిపోతదట.
లేదంటే నాలుగేండ్లో, ఐదేండ్లో.
"ఎక్కువ రావచ్చు మదారూ, తక్కువా రావచ్చు"
అనుకుంట సారు అద్దాలు తుడుసుకున్నడు.

డాక్టరు నా మోకాలు వంచి చూసి
ఇరవై రెండు శాతం పోయిందని రాసిండు.
మిగిలిన డెబ్బై ఎనిమిదితోని
సాన తిరుగుతదా సారూ అని అడిగిన.
ఆ గడి నా కాగితంల లేదన్నడు.

నా బండి మీకు ఎరుకే.
స్టాండేసి తొక్కుతుంటే
ఎంత తొక్కినా ఊరు కదలదు,
హాండిల్ కాడ రాయి తిరిగి రవ్వలు లేస్తయి.
తిప్పర్తి, మాడ్గులపల్లి, వేములపల్లి,
ఏ ఇంట్ల కత్తి ఎన్ని నెలలకు మొద్దువడ్తదో నాకు తెలుసు.
టైలరు కత్తెర అడిగే ఒరపు వేరు,
కోళ్ల దుకాణపాయన కత్తి అడిగేది వేరు.
నెల ఆదాయానికి రుజువేందని
కంపెనీ తరఫు పిల్లగాడు అడిగిండు.
ఉల్లిగడ్డ కోసిన ఏ ఇంటినన్న అడుగు బిడ్డా, అన్న.
"రుజువు లేదు" అని రాసుకున్నడు.

ఇంకొకటున్నది.
సారు ఎవరికీ చెప్పొద్దన్నది.
ఆ పొద్దు వేములపల్లి కాడ
రోడ్డుకు అవతల నుంచి ఒకామె కత్తిపీట ఎత్తి చూపింది.
ముప్పై రూపాయల బేరం.
మలుపు దాకా పోవుడెందుకని
ఇరవై గజాలు ఎదురు దిక్కున తొక్కిన.
లారీ వడ్ల బస్తాలతోని మిల్లుకు పోతుండె.
జోరు మీదున్నది, అదీ అబద్ధం కాదు.
పంచనామల నా ఇరవై గజాలు లేవు.
రాత్రి మాత్రం ఉంటయి,
మోకాలు గుంజినప్పుడల్లా కొలుసుకుంట.
మరి ఈ అంకెల
నా తప్పు తీసేసి ఇస్తున్నరా, కలిపే ఇస్తున్నరా?

డ్రైవర్ పిల్లగాడు దవాఖానకు బత్తాయిలు తెచ్చిండు.
ఒలిచి గింజలు తీసి పెట్టిండు గూడ.
పేరు అడగలే నేను.

ఇమాంబీ వేళ్ల మీద లెక్క జేసింది,
"అప్పులు పోను తొంభై మిగుల్తది.
దస్కత్ పెట్టు, ఒడువనీ."
గడియ సేపటికి మళ్ల తనే,
"పెట్టకు. అడగకముందే ఇంత ఇస్తున్నరంటే..."
అని ఆపి,
బియ్యంల రాళ్లు ఏరుకుంట కూసున్నది.

మొన్న ఠాణాకు పోయిన, బండి చూసొద్దామని.
వకీలు వేరే అర్జీ పెడితే ఇస్తరట, దానికి వేరే ఫీజు.
గోడ పొంటి మోటర్ సైకిళ్ల నడుమ పడుకోవెట్టిన్రు.
సానరాయికి పాచి.
దాని నీడకు ఒక కుక్క.
వంగలేక వంగి పెడలు చేత్తోని తిప్పిన.
గొలుసు కిర్రుమన్నది,
రాయి పావు చుట్టు తిరిగింది.
"ముట్టకు, అది సాక్ష్యం" అన్నడు జవాను.
నిజమే.

కత్తి పదునెక్కిందో లేదో
బొటనవేలు అడ్డంగ రాసి చూస్త.
నిలువుగ రాస్తే తెగుతది గని తెలువది.
ఈ అంకెను అట్లనే రాసి రాసి చూసిన.
ఒకపాలి మొద్దు,
ఒకపాలి చురుక్కుమన్నది.

శనివారం. వరండల జనం, చెమట, ఫైళ్ల దారాలు.
బల్ల కాడి గుమాస్తా తలెత్తకుంటనే
సిరాడబ్బి నా దిక్కు నూకిండు.
"వేలిముద్రనే గదా?"
"సంతకం వచ్చు" అన్న.
కలం ఇచ్చిండు.
"వచ్చు అన్న.
పెడ్తనని అనలే."

తలెత్తిండు అప్పుడు.